పదిహేడో నంబరు ఉత్తరం

కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతున్నాను. మా ఆయన అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ, "ఏవోయ్ భవానీ, ఆ సన్మానం కాగితం అయిందా?" అన్నారు.

సన్మానం ఆయనకి కాదు. మలికిపురంలో ఆయన పనిచేసే హైస్కూలు హెడ్మాస్టరు గారు రిటైరవుతున్నారు. ఉపాధ్యాయ సంఘం కార్యదర్శి కాబట్టి మా ఆయన మాట్లాడాలి. ఆయన మాట్లాడాల్సింది నేను రాయాలి. పెళ్ళయిన రెండో ఏడు సంఘం తరఫున ఏదో వినతిపత్రం రాస్తూ ఆయన తల పట్టుకుని కూర్చుంటే, జాలిపడి నేనే రాసిచ్చాను. అప్పట్నుంచి 2004 దాకా వినతిపత్రాలు, సంతాప తీర్మానాలు, పేపరుకి పంపే ఉత్తరాలు అన్నీ నా వాటాకే వచ్చాయి.

"అయిందండి. ఫ్రిజ్ మీద పెట్టాను."

ఆయన కాగితం అందుకుని నిలబడే చదివారు. "బానే ఉంది. 'మాస్టారు బెత్తం పట్టుకోవడం చూశాం గాని ఎత్తడం చూడలేదు'... ఈ ముక్క బావుంది. ఇది నేనే నీకు చెప్పేను కదూ?"

హెడ్మాస్టరు గారి గురించి ఆయన నాతో చెప్పింది "మంచాయనే" అన్న ఒక్క మాట. ఆ మాటే అనబోయి ఆగిపోయాను. ఎప్పుడో అన్నం తింటూ చెప్పారేమో, నేను మర్చిపోయానేమో. ఆయన అంత నమ్మకంగా అడిగేసరికి నా వాక్యం నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. "చెప్పే ఉంటారండి" అన్నాను.

సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చారు. "ఒకటే చప్పట్లనుకో. పైనుంచి వచ్చిన ఆఫీసరు గారైతే, ఇలా రాసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు మాస్టారూ అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఏదో మీ అభిమానం అన్నాను."

మా అత్తగారు వీరాయమ్మ గారు పొట్లం విప్పి కాజా తుంచుకుంటూ, "నా కొడుకు నోట్లో సరస్వతి ఉందే" అన్నారు. నేను కాజా తిన్నాను. తియ్యగానే ఉంది. చప్పట్ల సంగతి విన్నప్పుడు నాకూ సంతోషం వేసింది, అబద్ధమెందుకు? ఆ సంతోషంలో ఎక్కడో చిన్న ముల్లుంది. వెతికి తీద్దామంటే దొరకదు. పొద్దున్నే ఆరింటికి నేను కాగితం మీద వంగి కూర్చుంటే ఇదే అత్తగారు, "కూర్చుని చేసేది కూడా పనేనా, అవతల పాలు పొంగిపోతన్నాయి" అంటారు. ఆయన కోసమే రాస్తున్నానని ఆవిడకి తెలుసు. అయినా అంటారు. అనే హక్కు ఆవిడకుందో లేదో నాకిప్పటికీ తెలీదు. పాలు పొంగిన మాట మాత్రం నిజం.

ఆఫీసులోనూ ఇదే కథ. అమలాపురంలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ బ్రాంచిలో నేను టైపిస్టుని. చేరినప్పుడు మేనేజరు ప్రభాకరరావు గారు. ఆయన తన ఉత్తరాలు తనే రాసుకునేవారు, కొట్టేసుకుంటూ, దిద్దుకుంటూ. నేను టైపు చేసేదాన్ని. ఒక్కోసారి, "ఇక్కడ ఏ మాట బావుంటుందమ్మా?" అని అడిగేవారు. ఆయన రిటైరయ్యాక నాగసతీష్ గారు వచ్చారు. ఇరవయ్యేడేళ్ళు, ఎంబీయే. లెక్కలడిగితే నోటితో చెప్పేస్తారు. రాయమంటే మాత్రం ఆయన ఇంగ్లీషులో అచ్చులుండవు, తెలుగులో క్రియలుండవు. సెల్‌ఫోన్లో మెసేజి కొట్టినట్టు విశాఖపట్నం హెడ్డాఫీసుకి కూడా నాలుగు హల్లులు పంపేవారు. ఒకసారి వాళ్ళు గట్టిగా చివాట్లు పెట్టాక నా బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, కొంచెం నీట్‌గా వేసెయ్యండి. మీకైతే రెండు నిమిషాలు, నాకైతే రోజంతా పడుతుంది" అన్నారు.

వేసేశాను. ఏడాది తిరిగేసరికి హెడ్డాఫీసు మీటింగులో, అన్ని బ్రాంచిల్లోకీ అమలాపురం వాళ్ళ రిపోర్టులు చదవబుద్ధేస్తాయని మెచ్చుకున్నారట. నాగసతీష్ గారు స్టాఫందరికీ సమోసాలు తెప్పించారు. ఆ సమోసాలు తేవడానికి మనిషి దొరక్కపోతే నేనే కిందికి వెళ్ళి తెచ్చాను.

ఆ ఏడే మా ఇంట్లోకి కంప్యూటరొచ్చింది. అమ్మాయి భవిష్యత్తు కోసమని మా ఆయన కొన్నారు. మా జ్యోతిర్మయి అప్పుడు ఎనిమిదో తరగతి. అది ఆ భవిష్యత్తులో ఒక సిపాయి ఆట ఎక్కించుకుంది. సిపాయి కోటలోకి దూరి, ఒక్కో అంతస్తూ దాటి, పై గదిలో ఉన్న ఖైదీని విడిపించాలి. మెట్టు మెట్టుకీ శత్రువులు. రెండో అంతస్తు చేరకుండానే చచ్చిపోతున్నాడని అది నెట్ సెంటర్లో ఒక కాగితం ప్రింటు తీయించుకొచ్చింది. దాన్నిండా అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు.

"ఇవి చీట్ కోడ్‌లమ్మా. ఇది కొడితే ఎన్ని దెబ్బలు తగిలినా మన సిపాయి చావడు. ఇదేమో గోడల్లోంచి దూరిపోడానికి. ఆట నడుస్తుండగానే గబగబా కొట్టాలి. నేను కొట్టేలోగా చంపేస్తన్నారు. నువ్వు టైపు హయ్యరు పాసయ్యేవుగా, నువ్వు కొట్టవా?"

ఆదివారం మధ్యాహ్నం. అంట్లు తోముకుంటున్నదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. చీరకి చేతులు తుడుచుకుని దాని పక్కన కూర్చున్నాను. అది బాణం మీటలు నొక్కుతుంటే నేను కాగితం చూస్తూ అక్షరాలు కొట్టాను. పది మంది సిపాయిలు చుట్టుముట్టి కాలుస్తున్నా మనవాడు చలించలేదు. జ్యోతి ఎగిరి గంతేసింది. నాకూ భలే నవ్వొచ్చింది. నా పదహారేళ్ళ ఉద్యోగంలో నేను కొట్టిన అక్షరాలు అంత ఠకీమని పనిచెయ్యడం అదే మొదటిసారి చూడ్డం.

"ఈ కోడ్‌లు ఎవరు పెడతారే?"

"ఆట తయారుచేసినోళ్ళే అంట. ప్రతిసారీ మొదట్నుంచీ ఆడకుండా చివరంతా బాగుందో లేదో చూసుకోడానికి పెట్టుకుంటారంట. ఒక్కోసారి తీసెయ్యకుండా వదిలేస్తారంట."

మూడు ఆదివారాల్లో ఖైదీని విడిపించేశాం. తెర మీద బాణాసంచా కాలింది. జ్యోతి కాసేపు చూసి, "అంతేనా?" అంది. ఇంకో ఆదివారం కోడు లేకుండా ఆడబోయి మొదటి గుమ్మంలోనే చచ్చిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించి, కీబోర్డు పక్కకి తోసేసింది.

ఆ మర్నాడే దాని స్కూల్లో వ్యాసరచన పోటీ అన్నారు. ఇంట్లో రాసుకొచ్చి ఇవ్వాలి, బాగున్నది డివిజను పోటీకి పంపుతారు. 'మా ఊరి కాలువ' అన్నది విషయం. "నాకు రావట్లేదమ్మా, నువ్వు రాసియ్యి. నాన్నకి రాసిస్తావుగా" అంది.

"నాన్న పెద్దవారు. నువ్వు చదువుకునే పిల్లవి."

"చదువైపోయిన నాన్నకే రాసిస్తే, రానిదాన్ని నాకు రాసివ్వకూడదా?"

ఈ ప్రశ్నకి సమాధానం ఉండే ఉంటుంది. నాకు తట్టలేదు. రాసిచ్చాను. గుర్రపుడెక్క అల్లుకుపోయిన కాలువ గురించి, అందులో ఒకప్పుడు పడవల మీద వెళ్ళిన కొబ్బరికాయల గురించి రెండు పేజీలు. రాస్తుంటే హాయిగా ఉంది. నా చిన్నప్పటి కాలువే కదా. జ్యోతి గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసింది. దానికే మొదటి స్థానం వచ్చింది. ఆ రోజు అన్నాల దగ్గర అది వాళ్ళ నాన్నతో, "మనింట్లో అమ్మే చీట్ కోడ్ నాన్నా" అంది. ఆయన పొరబోయేంత నవ్వారు. అదేమిటో చెప్పించుకుని మా అత్తగారూ నవ్వారు. నేనూ నవ్వాను. ముద్దుగానే అంది పిల్ల. తర్వాత వంటింట్లో మజ్జిగ చిలుకుతుంటే కళ్ళలో నీళ్ళెందుకు తిరిగాయో తెలీలేదు. మెచ్చుకుంటే ఏడ్చేదాన్ని ఏమంటారు?

డివిజను పోటీ కొత్తపేటలో. అక్కడ విషయం అప్పటికప్పుడు ఇచ్చి, గంటసేపట్లో రాయమంటారు. సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. పిల్లలందరూ హాల్లో, తల్లిదండ్రులం బయట వేపచెట్టు కింద. పావుగంటకే జ్యోతి బయటికొచ్చేసింది. బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సగం దారిలో, "టాపిక్ 'నాకు నచ్చిన వ్యక్తి'" అంది.

"ఎవరి గురించి రాశావు?"

"నీ గురించే. 'నాకు నచ్చిన వ్యక్తి మా అమ్మ. ఎందుకంటే' అని రాసేను."

"తర్వాత?"

"తర్వాత తెలీలేదు. ఎందుకంటే అంటే ఏం రాయాలో రాలేదు." నా వైపు తిరిగింది. "నువ్వైతే ఏం రాసేదానివమ్మా?"

ఊళ్ళో అందరి మీదా రాయగలదాన్ని నేను. ఎప్పుడూ చూడని హెడ్మాస్టరు బెత్తం మీద రాసినదాన్ని. ఆ 'ఎందుకంటే' తర్వాత నాకూ ఒక్క మాట తోచలేదు. వంట బాగా చేస్తుంది, చక్కగా టైపు చేస్తుంది, అడిగింది రాసిస్తుంది. ఇంకా? బస్సు దిగేదాకా ఆలోచించాను. దాని తల నిమురుతూనే ఉన్నాను.

మా ఆయన సంగతి విని, "పిల్ల చదువు తల్లి చూసుకోవద్దూ? నాలుగు ముక్కలు సొంతంగా రాయడం నేర్పించలేకపోయేవా? నీకొచ్చిన విద్యేగా" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అది అనాల్సింది ఆయనేనా అన్నదే నాకు అర్థం కాలేదు.

ఇదంతా జరిగిన పదిహేను రోజులకి గణపతి గారు మా ఆఫీసుకొచ్చారు. ఉప్పలగుప్తం దగ్గర రెండెకరాల రొయ్యల చెరువు ఆయనది. మా మేతే వాడతారు. రావడం అది మూడోసారి. సతీష్ గారు ఫోన్లో ఉన్నారని చాలాసేపు నా బల్ల ఎదురుగా కూర్చున్నారు. చివరికి చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచి మూతి విప్పి నా ముందు పెట్టారు.

"వాసన చూడండమ్మా. రొయ్య ముట్టట్లేదు. చెరువంతా చచ్చి తేలిపోతంది."

చూశాను. బూజు వాసన. తడిసి ఆరిన గోనెసంచి వాసన. నేను తల పక్కకి తిప్పుకున్నాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. "సార్‌తో చెప్తానండి" అన్నాను.

చెప్పాను. సతీష్ గారు, "ఆ లాటు మేత హెడ్డాఫీసు టెస్టులో ఓకే అయింది మేడమ్. తెల్లమచ్చ తెగులు అందరి రొయ్యలకీ వస్తోంది. మేతలో లోపం లేదని వేసెయ్యండి. కానీ ఆయన హర్ట్ అవకూడదు, మళ్ళీ రాకూడదు. మీరైతేనే రాయగలరు" అన్నారు.

వాసన సంగతి ఇంకోసారి అనబోయాను. టెస్టులో తేలిన దానికంటే నా ముక్కు గొప్పదా అనిపించింది. మీరైతేనే అన్న మాట కూడా చెవిలో పడింది, అదీ ఒప్పుకోవాలి. రాశాను. 'మీ చెరువు మీద మీకున్న మమకారం మాకు తెలుసు. తెల్లమచ్చ ఆకాశంలో మబ్బు లాంటిది. అది ఎప్పుడు ఎవరి చెరువు మీద నిలుస్తుందో ఎవరమూ చెప్పలేము. మబ్బును నిందించి ప్రయోజనం లేదు, అది తొలగే దాకా ఓర్పుగా ఉండడమే మన చేతిలో ఉన్నది.' ఆ మబ్బు తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. సతీష్ గారు చదివి, "సూపర్ మేడమ్" అని సంతకం పెట్టారు. గణపతి గారు మళ్ళీ రాలేదు.

అది చూసే ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. "రకానికొక లెటరు తయారుచేసి నంబర్లు వేసి పెట్టండి మేడమ్. పేరు మార్చుకుని ప్రింటు తీసేస్తాం. ప్రతిసారీ మీకు శ్రమెందుకు?" రెండు వారాలు కూర్చుని నలభయ్యొక్క ఉత్తరాలు చేసిపెట్టాను. ఏడో నంబరు సానుభూతి. పదిహేడు మంచి దిగుబడికి అభినందన. ముప్ఫయ్యో నంబరు, ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళకి మర్యాదగా చెప్పేది. అదీ నేనే రాశాను. అవి పూర్తయిన సోమవారం నా బల్ల జెరాక్సు మిషను పక్కకి మారింది. కాగితం ఇరుక్కున్నప్పుడు తీసే మనిషి దగ్గర్లో ఉండాలట. నిజంగా నా శ్రమ తగ్గించారా, నన్నే తగ్గించారా? ఎవర్నడగాలో తెలీలేదు. ఇంట్లో చెబితే, "హాయిగా ఉంది కదోయ్, పనీ పాటా లేకుండా జీతం" అన్నారు మా ఆయన.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం, ఊళ్ళు తిరిగి రైతుల్ని కలిసే మా సూరిబాబు చెమటలు కక్కుతూ వచ్చాడు. "సార్, గణపతి గారు పోయేరు కదండీ, గుండెపోటుతో. నేనేనండి మీకు ఫోను చేసి చెప్పింది. నిన్న పదకొండో రోజండి. సరిగ్గా కార్యం దగ్గర మన కంపెనీ ఉత్తరం వచ్చిందండి. ఎవరో పైకి చదివేరంట. మంచి దిగుబడి సాధించినందుకు అభినందనలంట. మీ ఇంట ఈ సంతోషం ఇలాగే నిలవాలంట. ఊరంతా ఉమ్మేస్తందండి."

సతీష్ గారు నా వైపు తిరిగారు. "ఏడు కొట్టాను మేడమ్. పదిహేడు పడినట్టుంది."

"సంతకం పెట్టేటప్పుడు చదవలేదాండీ?"

"ఇరవై లెటర్లున్నాయి మేడమ్. మీరు రాసినవే కదా, తప్పులుండవు కదా అనుకున్నాను."

గణపతి గారు పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా జెరాక్సు మూల దాకా ఆ కబురు రాలేదు. కళ్ళముందు ప్లాస్టిక్ సంచి మూతి విప్పుతున్న ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి. సతీష్ గారు ఏదో చెబుతున్నారు. "మీరు లేడీస్ కదా మేడమ్, ఆవిడ మీమీద అరవరు. మీరెళ్ళి సారీ చెప్పి, ఆ లెటరు వెనక్కి తీసుకొచ్చెయ్యండి. అది పేపరువాళ్ళ చేతిలో పడితే నా పని అయిపోతుంది. దాని బదులు ఇది ఇవ్వండి." ప్రింటరులోంచి వేడి వేడిగా ఏడో నంబరు తీసి నా చేతిలో పెట్టారు.

ఆటోలో ఉప్పలగుప్తం వెళ్తూ ఆ కాగితం చదువుకున్నాను. 'మీ ఇంట జరిగిన నష్టానికి మాటలు చాలవు' అని మొదలవుతుంది. బాగా రాశాను. ఎవరు చచ్చిపోతారో తెలియకుండానే అంత బాగా ఎలా రాశానా అని నాకే భయం వేసింది.

పెంకుటిల్లు. పంపుల చప్పుడు లేని చెరువు వెనకాల కనిపిస్తోంది. గణపతి గారి భార్య సత్యదుర్గ గారికి నా వయసే ఉంటుంది. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అరుగు మీద చాప వేసి, "కూర్చోండమ్మా, ఎండన పడొచ్చేరు" అని మంచినీళ్ళిచ్చారు. ఫలానా ఆఫీసు నుంచి అని చెప్పగానే లోపలికెళ్ళి రెండు కవర్లు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇది నిన్నొచ్చిందండి. ఇదేమో అంతకుముందు ఆయనకొచ్చింది. మేతలో ఏం లేదన్నది. ఇది వచ్చినరోజు ఆయన రెండుసార్లు చదువుకున్నారండి. మబ్బు అన్నారు కదా, మబ్బునెవరు తిడతారే అన్నారు. నేనన్నానండి, మళ్ళీ వెళ్ళండి, గట్టిగా అడగండి అని. ఇంత మర్యాదగా రాసినోళ్ళని ఎలా అడుగుతాం, మనదే ఏదో తప్పయి ఉంటది అన్నారు. ఇంక దాని గురించి నోరెత్తలేదండి."

నేను రెండు కవర్లూ దగ్గరికి లాక్కున్నాను.

"అడగాలని ఉందండి. ఇంత చక్కగా రాసినోళ్ళూ, ఈ అభినందనలు రాసినోళ్ళూ ఒకరేనాండీ? ఎవరండీ రాసేది?"

చప్పట్లు కొట్టిన సభలోగాని, సమోసాలు తిన్న ఆఫీసులోగాని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో చాలాసార్లు ఊహించుకున్నాను. ఇలా మాత్రం కాదు. సంతకం మేనేజరు గారిది. 'మా సార్ అండి' అనేస్తే సరిపోతుంది, అబద్ధం కూడా కాదు.

"నేనేనండి. రెండూ నేనే రాశాను."

ఆవిడ నా వైపు చూశారు. ఆ చూపులో కోపముందా, అసహ్యముందా, నాకు తెలియలేదు. "మా ఆయన చెప్పేరండి, ఆఫీసులో ఒకావిడ మేత వాసన చూసి మొహం తిప్పుకున్నారని. ఆవిడకి తెలిసిందే, చెప్తానన్నారు అని ఆ పూట సంతోషంగా వచ్చేరు. ఆవిడ మీరేనా?"

"ఆయ్" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు. లేచి లోపలికెళ్ళి పిల్లల నోట్సులోంచి రెండు తెల్ల కాగితాలు చింపుకొచ్చారు. "అయితే నాకో ఉత్తరం రాసిపెట్టండి. విశాఖపట్నంలో మీ పెద్దోళ్ళకి. నాకు రాత బాగా రాదండి, సంతకం చేస్తాను. నేను చెప్తాను, మీరు రాయండి."

హ్యాండ్‌బ్యాగులో ఏడో నంబరు ఉంది. దాన్ని తీయలేదు. కలం తీశాను.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. "మా ఆయన పేరు గణపతండి. మీ మేత బూజు వాసనొస్తందని మీ ఆఫీసుకి మూడుసార్లొచ్చేరు. ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు." నా చెయ్యి అలవాటు కొద్దీ 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టబోయింది. ఆపుకున్నాను. 'తమకు విన్నవించుకొనునది ఏమనగా' అని ఇంకోసారి వేళ్ళ దాకా వచ్చింది. అదీ ఆపాను. ఆవిడ అన్నది అన్నట్టు రాయడం ఇంత కష్టమని నాకు తెలీదు. ప్రతి వాక్యానికీ నునుపు పెట్టాలని చెయ్యి దురదపెడుతోంది.

"మబ్బని రాసేరు. అది మబ్బు కాదండి. మేతేనండి. ఆ ముక్క పెద్దక్షరాల్తో రాయండి."

రాశాను.

"మీ ఆఫీసులో ఒకావిడ వాసన చూసేరు, ఆవిడకీ తెలుసు. అదీ రాయండి." అని ఆగి, "మీకేమైనా ఇబ్బందైతే వద్దులెండి" అన్నారు.

ఇబ్బందే. ముప్ఫయ్యో నంబరు, ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం, నా పేరు కోసం కాచుకుని ఉంది. ఇంట్లో ఆయన ఏమంటారో తెలుసు, అత్తగారు ఏమంటారో తెలుసు. నేను చేస్తున్నది ధైర్యమో, పశ్చాత్తాపమో, రోజూ జెరాక్సు మిషను పక్కన కూర్చోబెట్టినందుకు కక్షో తెలీదు. ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. 'ఒకావిడ వాసన చూసేరు, ఆవిడకీ తెలుసు' అని ఆవిడ మాటల్లోనే రాశాను. చదివి వినిపిస్తే తల ఊపి, కింద వంకర అక్షరాలతో ఓపికగా సంతకం చేశారు. రెండు కంపెనీ ఉత్తరాలూ తన దగ్గరే ఉంచుకుంటానన్నారు. ఉంచుకోమన్నాను.

పోస్టాఫీసు మూసేవేళకి చేరాను. స్టాంపు అంటించి, కవరు అతికించబోతూ ఆగాను. కాగితం బయటికి తీసి, బల్ల మీద పరిచి, సత్యదుర్గ గారి సంతకం కింద, పాత దస్తావేజుల చివర రాసినవాళ్ళు పెట్టుకునేటట్టు, 'దస్తూరి: భవానీదేవి, టైపిస్టు, అమలాపురం బ్రాంచి' అని రాశాను. కౌంటరు లోపలి మనిషి, "టైమైపోతందండీ" అన్నాడు.

"ఒక్క ముక్కండి" అని, దాని కింద ఇంకో వాక్యం రాశాను.

'ఆ ఒకావిడను నేనే.'